డ్రమ్మరు చెవిలోని క్లిక్

1973 నవంబరు 5. ఉత్తర ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణం, ఓడియన్ థియేటరు. ‘ద హూ’ బ్యాండు తమ కొత్త ఆల్బం ‘క్వాడ్రోఫీనియా’ను వాయిస్తోంది. స్టూడియోలో పొరలు పొరలుగా పేర్చిన ఆ సంగీతమంతా స్టేజీ మీద నలుగురి చేతుల్లో పలికేది కాదు. అందుకని సింథసైజర్లను, మరికొన్ని శబ్దాలను ముందే టేపుల్లోకి ఎక్కించుకుని వాటితో కలిసి వాయిస్తున్నారు. ‘5:15’ అనే పాట దగ్గరికొచ్చేసరికి టేపు ఆలస్యంగా అందుకుంది. పాటదొక దారి, టేపుదొక దారి అయిపోయింది. గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ సౌండు చూస్తున్న బాబీ ప్రిడెన్ మీద విరుచుకుపడ్డాడు. ఎంతో శ్రమపడి తయారు చేసుకున్న టేపుల్ని, వైర్లని పీకి పారేశాడు.

పక్కవాడు అరబీటు వెనకబడితే బ్యాండులో మిగతావాళ్లు సర్దుకుంటారు. గాయకుడు ఒక చరణం ఎగరగొట్టినా కళ్లతో సైగ చేసుకుని కలిసిపోతారు. టేపు సర్దుకోదు, ఆగదు, సైగ చూడదు. దానితో నడవాలంటే స్టేజీ మీద ఒక్కరికైనా దాని లెక్క చెవిలో నిరంతరం వినబడాలి. ఆ ఒక్కరు దాదాపు ఎప్పుడూ డ్రమ్మరే. ఇవాళ ఏ పెద్ద కచేరీలో చూసినా వాద్యకారుల చెవుల్లో చిన్న ఇయర్‌పీస్ కనిపిస్తుంది. అందులో జనానికి వినిపించని టిక్ టిక్ ఒకటి నడుస్తూ ఉంటుంది. దాన్ని వాళ్లు ‘క్లిక్’ అంటారు. ఇయర్‌పీస్, క్లిక్ అనే ఈ జంట పుట్టిన చోటు రాక్ స్టేజీ అనుకుంటే పొరపాటు. అది కార్టూన్ సినిమాలో పుట్టింది.

1928లో వాల్ట్ డిస్నీ ‘స్టీమ్‌బోట్ విల్లీ’ తీస్తున్నప్పుడు, బొమ్మ అడుగుకీ సంగీతపు దెబ్బకీ పొత్తు కుదర్చడమే అసలు సమస్య. సంగీతం తెలిసిన యువ యానిమేటర్ విల్‌ఫ్రెడ్ జాక్సన్ మెట్రోనోమ్ దగ్గర పెట్టుకుని, ఒక్కో బీటుకి ఎన్ని ఫ్రేములో లెక్కగట్టాడు. అయినా న్యూయార్కులో మొదటిసారి వాద్యబృందంతో చేసిన రికార్డింగు కుదరలేదు. రెండోసారి ఫిల్ము మీదే బంతిలా ఎగిరే గుర్తు వేసి, దాన్ని చూస్తూ నడిపిస్తే కుదిరింది.

అది కంటికి ఇచ్చిన లెక్క. మరుసటి ఏడు, 1929లో, ‘ద స్కెలిటన్ డాన్స్’కి స్వరకర్త కార్ల్ స్టాలింగ్ దాన్ని చెవికి మార్చాడు. ఎనిమిది ఫ్రేములకో టిక్, పది ఫ్రేములకో టిక్, పన్నెండు ఫ్రేములకో టిక్ చొప్పున వేర్వేరు వేగాల్లో చప్పుళ్లు రికార్డు చేయించి, ఒక్కో వాద్యకారుడికి ఒక్కో ఇయర్‌ఫోన్ ఇప్పించాడు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. కాబట్టి పన్నెండు ఫ్రేములకో టిక్ అంటే నిమిషానికి 120 బీట్లు, పదికైతే 144, ఎనిమిదికైతే 180. కండక్టరు చెయ్యి ఊపాల్సిన అవసరమే లేదు. అయినా తాను ఊపేవాణ్ణని స్టాలింగ్ చాలా ఏళ్ల తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. కారణం, ఒకరిద్దరు వాద్యకారులకు ఆ ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం ఇష్టం లేదట. ఇప్పుడు ఏ బ్యాండు రిహార్సలుకి వెళ్లినా వినిపించే పేచీ సాధనంతో పాటే పుట్టిందన్నమాట.

సినిమా రికార్డింగులో ఆ పద్ధతి స్థిరపడిపోయింది. స్టేజీకి మాత్రం ఆ అవసరం రావడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. ఎందుకంటే అక్కడి కష్టం వేరు. 1965 ఆగస్టు 15న న్యూయార్కు షే స్టేడియంలో 55,600 మంది ముందు బీటిల్స్ పాడారు. స్టేజీ మీద వాళ్ల పాట వాళ్లకు వినిపించే స్పీకర్లు లేవు. జనానికి వినిపించడానికి బేస్‌బాల్ ఆటలో ప్రకటనలు చేసే మైకు వ్యవస్థనూ వాడుకున్నారు. అమ్మాయిల కేకల హోరులో రింగో స్టార్‌కి పాట ఎక్కడుందో తెలిసేది కాదు. ముందున్న ముగ్గురి తలలు, నడుముల కదలికలు చూసి పోల్చుకునేవాణ్ణని ఆయనే తర్వాత చెప్పాడు. లోకమంతా పూజించిన బ్యాండు, తమ సంగీతం తాము వినలేని స్థితిలో, 1966 ఆగస్టులో టికెట్ల కచేరీలు మానేసింది. కారణం అదొక్కటే కాదు గానీ, అదీ ఒకటి.

తర్వాత స్టేజీ అంచున వాద్యకారుల వైపు తిరిగి కూర్చునే ఏటవాలు స్పీకర్లు వచ్చాయి. వాటినే వెడ్జ్‌లంటారు. వినబడటం మొదలైంది, దానితోపాటు పోటీ కూడా. డ్రమ్స్ మోతని మించాలని గిటారు పెంచుతారు, గిటారుని మించాలని గాయకుడు తన వెడ్జ్ పెంచమంటాడు, చివరికి మైకు కీచుమంటుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెళ్ల చప్పుడులో ఎనిమిది గంటలు ఉండొచ్చు. 100 డెసిబెళ్ల దగ్గర ఆ గడువు పదిహేను నిమిషాలే. రాక్ స్టేజీలు ఆ గీత ఎప్పుడో దాటేశాయి. ఎన్ని చెవులు పోయాయో లెక్క లేదు. 

మళ్లీ టేపు దగ్గరికొస్తే, దానితో కలిసి నడిచే భారం మోసినవాడు ‘ద హూ’ బ్యాండు డ్రమ్మరు కీత్ మూన్. 1971 నాటి ‘బాబా ఓ’రైలీ’, ‘వోంట్ గెట్ ఫూల్డ్ అగైన్’ పాటల్లో వెనక తిరుగుతుండే ఆర్గన్ శబ్దం స్టేజీ మీద టేపు నుంచే వచ్చేది. మూన్ హెడ్‌ఫోన్ పెట్టుకుని దాన్ని వింటూ వాయించేవాడు. రాక్ చరిత్రలో అతనంత అదుపులేని డ్రమ్మరు మరొకరు లేరంటారు. 1978 మేలో షెపర్టన్ స్టూడియోలో ఆయన ఆ బ్యాండుతో చివరిసారి వాయించినప్పుడు, హెడ్‌ఫోన్ ఊడిపోకుండా తలచుట్టూ జిగురు టేపు చుట్టుకున్నాడు. ‘ద కిడ్స్ ఆర్ ఆల్రైట్’ సినిమాలో ఆ దృశ్యం ఉంది. ఆ తల అలా విదిలిస్తూనే యంత్రంతో అడుగు కలుపుతున్నాడు. ఆ మనిషి గొప్పతనం నాకు అక్కడ కనిపిస్తుంది, డ్రమ్స్ బద్దలుకొట్టిన రాత్రుల్లో కాదు.

హెడ్‌ఫోన్ చెవి లోపలికి చేరింది 1980లలో. అమెరికాలో మార్టీ గార్సియా ‘ఫ్యూచర్ సోనిక్స్’ పేరుతో ఇయర్‌పీస్‌లు చేశాడు. స్టీవీ వండర్ దగ్గర పనిచేసిన ఇంజినీరు క్రిస్ లిండప్ తీగ లేకుండా రేడియోతో చెవికి చేర్చే పద్ధతి తెచ్చాడు. 1995లో వాన్ హేలెన్ బ్యాండు డ్రమ్మరు అలెక్స్‌కి అప్పటికున్నవి నచ్చక, వాళ్ల మానిటర్ ఇంజినీరు జెర్రీ హార్వీ చెవి అచ్చు తీసి కొత్తవి చేశాడు. మంద్రానికొకటి, తారానికొకటి, బుల్లి స్పీకర్లు రెండు. ‘అల్టిమేట్ ఇయర్స్’ కంపెనీ అలా పుట్టింది. ఇక్కడా మొదట అడిగింది డ్రమ్మరే.

అచ్చుకి సరిపోయిన ఇయర్‌పీస్ బయటి చప్పుడుని 25 డెసిబెళ్ల దాకా ఆపగలదు. దాంతో లోపల చిన్న శబ్దం సరిపోతుంది. కానీ చెవి మూసుకుంటే పాడేవాళ్లకి తమ గొంతు తలలో గుమగుమలాడుతుంది, చప్పట్లు ఎక్కడో గోడవతల వినిపిస్తాయి. అందుకని జనం వైపు మైకులు పెట్టి ఆ హోరుని కొంచెం చెవిలోకి కలుపుతారు. డ్రమ్మరు కుర్చీ కింద కంపించే పరికరం బిగించి, బేస్ డ్రమ్ దెబ్బని ఒంటికి అందిస్తారు. చాలామంది ఒక చెవి నుంచి ఇయర్‌పీస్ తీసేస్తారు. అది ప్రమాదం. మిగిలిన చెవిలో శబ్దం పెంచక తప్పదు, బయటి మోత రెండో చెవిలో పడనే పడుతుంది.

ఇయర్‌పీస్‌నీ క్లిక్‌నీ ఒకే గాటన కట్టడం మాత్రం నాకు ఒప్పుదల కాదు. ఎంతసేపు వాయిస్తామో ముందు తెలియని ‘గ్రేట్‌ఫుల్ డెడ్’ బ్యాండు కూడా 1990లలో ఇయర్‌పీస్‌లు పెట్టుకుంది. వినడానికి, అంతే. క్లిక్ వచ్చిందంటే వెంట ముందే రికార్డు చేసిన ట్రాక్ వస్తుంది, వీడియో వస్తుంది, లైట్ల క్రమం వస్తుంది. అప్పుడు బిగుసుకునేది వేగమొక్కటే కాదు, నిడివి కూడా. గిటారు సోలో ఎనిమిది బార్లంటే ఎనిమిదే. ఆ రాత్రి చెయ్యి బాగా తిరిగినా తొమ్మిదోది లేదు.

మనవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. కర్ణాటక కచేరీలో కాలప్రమాణం గాయకుడి చేతిలో ఉంటుంది, మృదంగ విద్వాంసుడి చూపు ఆ చేతి మీద. నెరవు ఎన్ని ఆవర్తాలో, కల్పనస్వరాలు ఎక్కడ ఆగుతాయో అక్కడికక్కడే తేలుతుంది. దానికి ట్రాక్ వేయలేం. మన సినిమా పాట సంగతి అలా కాదు. మద్రాసులో కండక్టరు చెయ్యి చూసి వాద్యబృందం వాయించిన పద్ధతి పక్కన 1980లలో కంప్యూటర్ సంగీతం మొదలై, 1992లో ‘రోజా’ తర్వాత బలపడింది. ఆ పాటల్ని స్టేజీ మీద విన్న జనం రికార్డులో ఉన్న ప్రతి శబ్దమూ కావాలంటారు. కాబట్టి హైదరాబాదులోనైనా డాలస్‌లోనైనా సినిమా పాటల పెద్ద కచేరీలో డ్రమ్మరు చెవిలో క్లిక్ నడుస్తుంది. ఒకటి నుంచి నాలుగు దాకా లెక్కపెట్టి పాట ఎత్తించడం అతని పని. గాయకుడు జనంతో పాడించుకుంటూ పల్లవి పొడిగిస్తే ట్రాక్‌ని ఎక్కడ ఆపి ఎక్కడ అందుకోవాలో కీబోర్డు దగ్గరి మనిషితో కలిసి క్షణంలో తేల్చుకోవాల్సిందీ అతనే. ప్రోగ్రాం కాగితంలో అతని పేరు పెద్దక్షరాల్లో వేయాలని నేనంటాను.

2021లో వచ్చిన ‘ఏబుల్టన్ లైవ్’ అనే సంగీత సాఫ్ట్‌వేర్ పదకొండో వెర్షన్‌లో ఒక కొత్త సదుపాయం చేర్చారు. అది డ్రమ్మరు దెబ్బల్ని వింటూ తన వేగాన్ని అతనికి తగ్గట్టు మార్చుకుంటుంది. స్టాలింగ్ నాటి నుంచి మనిషి టిక్ వెంట నడిస్తే, ఇక్కడ టిక్కే మనిషి వెంట నడుస్తుంది. ట్రాక్ మాత్రమే ఉన్న చిన్న బ్యాండులు దీన్ని వాడుకోవచ్చు. వెనక తెర మీద సెకన్ల లెక్కన కోసిన వీడియో నడిచే కచేరీల్లో మాత్రం డ్రమ్మరుకి ఇంకా పాత పద్ధతే.