విపత్తు నిర్వహణ చదువు – నాడు, నేడు



మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయము వ్రాయవలసినదిగా కార్యదర్శి గారు కోరినారు. నిజాంసాగర్ గురించి వ్రాయనా, బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ గురించి వ్రాయనా అని ఆలోచిస్తుండగా మా ఇంట్లోనే ఒక చర్చ లేచినది. డిగ్రీ పూర్తి చేసిన మా మనుమరాలు ఇకమీదట విపత్తు నిర్వహణలో పి.జి. చదువుతానంటున్నది. మా కోడలికి ఇది ఇష్టం లేదు. "మామయ్యా, మీరన్న చెప్పుండ్రి. బి.ఎడ్. చేస్తే టీచరన్న అయితది. వరదలకు, నిప్పులకు గూడ ఒక చదువుంటదా?" అన్నది.

మనుమరాలు మాత్రం నన్నే పట్టుకున్నది. "తాతా, నువ్వు ముప్పై ఆరేండ్లు రెవెన్యూల పని చేసినవు గద. వరదొస్తే ఏం చెయ్యాల్నో నీకెవరు నేర్పిండ్రు?"

ఆ పూట నేను జవాబు చెప్పలేకపోయినాను. ఈ వ్యాసమే ఆ జవాబు.

మాకు నేర్పినదేమి?

నేను 1972లో గుమాస్తాగా చేరి 2008లో రిటైరైనాను. మన తరం వారందరికీ తెలుసు, ఇంక్రిమెంటు రావాలన్నా, ప్రమోషన్ రావాలన్నా డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసు కావాలి. రెవెన్యూ టెస్టులు, అకౌంట్స్ టెస్టు కంఠస్థం చేసినాము. గుడిసెలు కాలితే పంచనామా ఎట్లా వ్రాయాలి, పూర్తిగా కాలినవి ఎన్ని, సగం కాలినవి ఎన్ని, పశువులు ఎన్ని చచ్చినవి, బియ్యం ఎన్ని కిలోలు, రొక్కం ఎంత – ఈ ప్రొఫార్మా నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లము. అయితే ఇదంతా ఆపద గడిచిన తరువాతి పని. ఆపదకు ముందు చేయవలసినది గాని, ఆపద నడుస్తుండగా చేయవలసినది గాని మాకు ఎవరూ నేర్పలేదు.

దీనికి కారణం చరిత్రలోనే ఉన్నది. 1876-78 నాటి మహాకరువులో దక్షిణాదిన లక్షలాది జనం చనిపోయిన పిమ్మట బ్రిటిషు ప్రభుత్వం 1880లో కరువు కమిషన్ నివేదిక తెప్పించి, 1883లో కరువు నిబంధనావళిని తయారుచేసినది. కలెక్టరు మొదలు క్రింది ఉద్యోగి వరకు ఎవరి పని ఏమిటో అందులో ఉండేది. మన దేశములో సహాయ పరిపాలనకు అదే తొలి పాఠ్యపుస్తకమని చెప్పవచ్చును. కాని కరువు నెమ్మదిగా వస్తుంది. దానితోపాటు ఫైలు కూడ నడువగలదు. వరద, తుఫాను, అగ్నిప్రమాదం ఫైలు కొరకు ఆగవు.

మన హైదరాబాదు రాజ్యం ఈ సంగతి 1908 సెప్టెంబరు 28న చూసినది. మూసీ వరదను మన పెద్దలు 'తుగ్యానీ' అనేవారు. సుమారు పదిహేను వేల మంది కొట్టుకపోయినారని చెప్తారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బ్రతికినారు. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించినారు. ఆయన సలహాల ఫలితముగా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చినవి. అంటే కట్టలు కట్టడం నేర్చుకున్నాము. కబురు అందించడం నేర్చుకొనుటకు ఇంకా చాలా ఏండ్లు పట్టినది.

నాగపూర్ బడులు

స్వాతంత్ర్యం తరువాత ఈ విద్యకు మొదటి బడి నాగపూర్‌లో పెట్టినారు. 1957 ఏప్రిల్ 29న 'కేంద్ర అత్యవసర సహాయ శిక్షణ సంస్థ' అక్కడ ప్రారంభమైనది. విపత్తు వేళ సహాయ చర్యలు నడుపవలసిన అధికారులకు శిక్షణ ఇచ్చుట దాని ఉద్దేశ్యం. 1962లో చైనా యుద్ధం వచ్చుటతో దృష్టి పౌర రక్షణ వైపు మళ్లినది. 1968లో దాని పేరు జాతీయ పౌర రక్షణ కళాశాలగా మారినది. అగ్నిమాపక అధికారుల కొరకు 1956లో మొదలైన జాతీయ ఫైర్ సర్వీస్ కళాశాల కూడ నాగపూర్‌లోనే స్థిరపడినది. నిజామాబాద్ నుండి నాగపూర్ ఏమంత దూరం? అయినా ఆ శిక్షణ గురించిన మాట మా తాలూకా కచేరీ దాకా రాలేదు.

ఒక రాత్రి సంగతి

ఇది ఇంతవరకు నేను ఎవరితోనూ చెప్పలేదు. మండలాలు రాక ముందు సంగతి. వానాకాలం, రాత్రి డ్యూటీ నాది. తొమ్మిది గంటల నలభై నిమిషాలకు ఫోను వచ్చినది. ఎగువ నుండి నీళ్లు వస్తున్నాయి, తెల్లవారేసరికి మంజీర పొంగుతుంది, ఒడ్డు గ్రామాలను హెచ్చరించండి అని. నేను శ్రద్ధగా వ్రాసుకున్నాను. టైము వేసినాను. ఇన్‌వర్డ్ నంబరు వేసినాను. ఆఫీసరు గారు క్యాంపులో ఉన్నారు గనుక ఉదయం చూస్తారని తప్పాలు ప్యాడ్‌లో పెట్టినాను.

అటెండరు వరండాలోనే పడుకొని ఉన్నాడు. గోడకు సైకిలున్నది. పోలీసు ఠాణాలో వైర్‌లెస్ ఉన్నది. అటెండరును లేపి సైకిలు మీద పంపితే రెండు గంటలలో పోలీస్ పటేలుకు కబురు చేరేది, సుంకరి డప్పు కొట్టేవాడు. ఇది నా పని అని నాకు ఎవరూ చెప్పలేదు. చేయవద్దని కూడ ఎవరూ చెప్పలేదు.

ఏటి ఒడ్డున చేనులో మంచె మీద ఒక రైతు పండుకున్నాడు. కింద జత ఎడ్లు కట్టేసి ఉన్నవి. ఎడ్లను విడిపించుటకు దిగి ఉంటాడు. మూడవ రోజు దొరికినాడు. ఆ పంచనామా నేనే వ్రాసినాను. సహాయం డబ్బులకు ఆయన భార్య వేలిముద్రను నేనే వేయించినాను. ఇన్‌వర్డ్ రిజిస్టరును ఎవరూ అడుగలేదు. రికార్డు ప్రకారం నా తప్పు ఏమీ లేదు. కాని ఆ తొమ్మిది నలభై నన్ను ఇప్పటికీ వదలలేదు.

దివిసీమ నేర్పిన పాఠం

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు పది వేల మంది చనిపోయినారు. అక్కడ కూడ వచ్చిన హెచ్చరిక చివరి గుడిసె దాకా చేరలేదు. ఆ తరువాత తీరప్రాంతములో తుఫాను షెల్టర్లు కట్టినారు, ఏ గ్రామాన్ని ఎవరు ఖాళీ చేయించాలి, వాహనం ఎక్కడిది అని ముందే వ్రాసి పెట్టుకున్నారు. 1990 మే 9న అదే తీరానికి మరొక పెద్ద తుఫాను వచ్చినది. ఈసారి ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందుగానే తరలించినారు. చనిపోయిన వారు వెయ్యికి లోపే. అదీ చిన్న సంఖ్య కాదు. అయినా పది వేలకు, వెయ్యికి మధ్య ఉన్న తేడా ఏమిటి? సముద్రం మారలేదు, కచేరీ పని తీరు మారినది.

చట్టము, చదువు

1999 ఒడిశా మహా తుఫాను, 2001 జనవరి 26 గుజరాత్ భూకంపం, 2004 డిసెంబరు 26 సునామీ – ఈ మూడు దెబ్బల తరువాత 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చినది. జాతీయ సంస్థకు ప్రధానమంత్రి, రాష్ట్ర సంస్థకు ముఖ్యమంత్రి, జిల్లా సంస్థకు కలెక్టరు అధ్యక్షులు. సహాయం చేయుట మాత్రమే గాక, ముందుగా సిద్ధపడుట కూడ చట్టప్రకారం బాధ్యత అయినది.

చదువు కూడ దీని వెంటనే పెరిగినది. 1995లో ఢిల్లీలో మొదలైన జాతీయ విపత్తు నిర్వహణ కేంద్రం 2003లో జాతీయ సంస్థగా మారినది. అదే సంవత్సరం సి.బి.ఎస్.ఇ. ఎనిమిదవ తరగతిలో ఈ పాఠాలు పెట్టినది. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో పి.జి. డిప్లొమా ఇస్తున్నది. ముంబయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ దీనిలో ఎం.ఏ. నడిపినది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలైనప్పుడు ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ అనే కొత్త ఉద్యోగం, దానికొక శిక్షణ కూడ మన వద్ద పుట్టినవి.

అమెరికాలోనూ ఇది పాత విద్య కాదు. 1970లో కాలిఫోర్నియా అడవి మంటలకు ఎన్నో శాఖల వారు పరుగెత్తుకొచ్చినారు గాని, ఎవరి మాట ఎవరు వినాలో తెలియక నష్టపోయినారు. ఆ అనుభవం నుండి 'ఘటనకు ఒకే నాయకత్వం' అనే పద్ధతి తయారైనది. అదే పద్ధతిని మన జాతీయ సంస్థ 2010లో మార్గదర్శకాలుగా ఇచ్చినది. 1983లో నార్త్ టెక్సాస్ విశ్వవిద్యాలయం అత్యవసర పరిపాలనలో డిగ్రీ ప్రారంభించినది.

ఇంతకూ ఈ చదువులో ఏముంటుంది? మనుమరాలు తెచ్చిన సిలబసును కండ్లద్దాలు పెట్టుకొని పూర్తిగా చదివినాను. ఏ ఊరికి ఏ ప్రమాదం ఉన్నదో మ్యాపు వేయుట, హెచ్చరికను చివరి మనిషి దాకా చేర్చుట, శాఖల మధ్య సమన్వయం, శిబిరాలలో నీళ్లు, మరుగుదొడ్లు, గాయపడిన వారిలో ముందు ఎవరిని చూడాలో నిర్ణయించుట, చట్టము, లెక్కలు. చివరి రెండు తప్ప మిగతావి మాకు ఏ టెస్టులోనూ రాలేదు.

పెన్షనరు తాతలుగా మనము ఒక మాట దాచకూడదు. ఈ చదువు చదివినంత మాత్రాన ఉద్యోగం ఇంటికి నడిచి రాదు. ఫైర్ సర్వీసుకు వేరే నియామకం ఉన్నది, రెవెన్యూకు వేరే పరీక్ష ఉన్నది. కాలేజీకి గుర్తింపు ఉన్నదో లేదో విచారించి చేరాలి. ఫీజు కట్టే ముందు ఆ కోర్సు చదివిన వారిని ఇద్దరిని అడగాలి. ఫ్యాక్టరీలు, పెద్ద ఆసుపత్రులు, స్వచ్ఛంద సంస్థలలో కూడ ఈ విద్యకు పని ఉన్నదని తెలుసుకొని ఉండాలి.

మా కోడలితో ఇవన్నీ చెప్పినాను. మంజీర సంగతి కూడ మొదటిసారి ఇంట్లో చెప్పినాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత మా కోడలే, "సరే మామయ్యా, చేరనీయుండ్రి" అన్నది.

మనుమరాలికి నా జవాబు ఇది. బిడ్డా, నాకు ఎవరూ నేర్పలేదు. నువ్వు నేర్చుకో. ఏదో ఒక రాత్రి నీ టేబులు మీద కూడ ఫోను మోగుతుంది. నంబరు తరువాత వేయవచ్చు. ముందు అటెండరును లేపు.

మన సభ్యులలో ఇటువంటి అనుభవాలు ఉన్నవారు తప్పక వ్రాయవలసినదిగా కోరుచున్నాను. మన సర్వీసు రిజిస్టర్లలో లేని సంగతులే మన పిల్లలకు ఎక్కువ పనికి వస్తాయి.

– ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, కోటగిరి, నిజామాబాద్ జిల్లా