మూడు వారాలు, ఎనిమిది సెకన్లు

రెండు నిమిషాల నలభై సెకన్లు లేటు. కాజీపేట జంక్షన్‌కు ఏ బండైనా అంత ఆలస్యంగా వస్తే ‘రైట్ టైమ్’ అనేస్తారు. 1989 జూలై 1న లక్సెంబర్గ్‌లో మాత్రం అదే ఆలస్యం జనాన్ని నోరెళ్లబెట్టేలా చేసింది. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు మొదలవుతున్న రోజది. మొత్తం 198 మంది పోటీదారులు. ఒకరి తర్వాత ఒకరు ర్యాంపు మీంచి దిగి, ఒంటరిగా గడియారంతో పోటీపడాలి. కిందటేడు గెలిచిన స్పెయిన్ వీరుడు పెడ్రో డెల్గాడో అందరికన్నా చివర బయల్దేరాలి. అతని వంతు వచ్చేసరికి ర్యాంపు ఖాళీగా ఉంది.

కాళ్లు వేడెక్కించుకోవడానికి సందుల్లోకి వెళ్లిన డెల్గాడో టైమ్ మరిచిపోయాడు. గడియారం అతని కోసం ఆగలేదు. పరుగున వచ్చి సైకిల్ ఎక్కేసరికే అతని ఖాతాలో 2 నిమిషాల 40 సెకన్లు పడిపోయాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు జట్టంతా కలిసి తొక్కే పోటీలో సత్తువ లేక సొంత జట్టు వెనకే వేలాడాడు. నిరుటి విజేత ఇప్పుడు అందరికన్నా ఆఖరు.

ఈ కథ మా ఊళ్లో చెప్పాలంటే ముందు లెక్క చెప్పాలి. రిటైరైన గార్డు ఒకాయన, నాకు వరసకు కాక, మొదట్లోనే అడ్డం తగిలాడు.

“అదేందిరా, గీత ముందుగాల దాటెటోడు ఒకడు, పసుపు అంగీ ఏసుకునెటోడు ఇంకోడా?”

“ఆ పొద్దుకు వాడు గెల్చిండు కాకా. మొదటి రోజు నుంచి అందరి టైమ్ కూడుకుంట పోతరు. తక్కువ టైమ్ ఎవనిదైతే పసుపు అంగీ వానిది.”

“అట్ల చెప్పు మరి. నడుమ స్టేషన్ల ముందొచ్చుడు గాదు, మొత్తం రన్నింగ్ టైమ్ సూడాలె.”

అంతే. ఈ రేసును వెంబడించే అభిమానికి కావలసింది ఈ కూడికలూ తీసివేతలే. రోడ్డు పక్కన నిలబడితే కనబడేది చాలా తక్కువ. టికెట్టు లేదు కాబట్టి కొండదారుల్లో ముందురోజే చేరుకుని గుడారాలు వేస్తారు, తారు మీద సున్నంతో తమ వాళ్ల పేర్లు రాస్తారు, ఎండలో గంటలకొద్దీ కాచుకుంటారు. రంగుల గుంపు వస్తుంది, గాలి కొడుతుంది, క్షణాల్లో వెళ్లిపోతుంది. మిగతా కథంతా చెవి దగ్గర పెట్టుకున్న ట్రాన్సిస్టర్‌లోనే. 1989లో ఆ ట్రాన్సిస్టర్లు చెప్పిన అంకెల్లాంటివి అంతకుముందు ఎవరూ వినలేదు.

ఆ అంకెల వెనక ఇద్దరు మనుషులు. ఒకడు అమెరికన్ గ్రెగ్ లెమాండ్. 1986లో ఈ రేసు గెలిచిన తొలి అమెరికన్. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో వేటకు వెళ్తే, పొద చాటున కదిలింది టర్కీ కోడి అనుకుని బావమరిది తుపాకీ పేల్చాడు. దాదాపు అరవై రవ్వలు ఒంట్లో దిగాయి. రక్తం విపరీతంగా పోయింది. తీయలేని రవ్వలను డాక్టర్లు అలాగే వదిలేశారు. గుండె పొరలో కూడా కొన్నున్నాయి. రెండేళ్ల తర్వాత ఆ ఒంటితోనే, కొండల్లో అండగా నిలిచే బలం లేని ఏడీఆర్ అనే చిన్న బెల్జియన్ జట్టు తరఫున వచ్చాడు. అతను గెలుస్తాడని ఎవరూ అనుకోలేదు.

రెండోవాడు పారిస్ కుర్రాడు లొరాన్ ఫిన్యోన్. సన్నని కళ్లజోడు, వెనక్కి కట్టిన బంగారు రంగు జుట్టు. కాలేజీ చదువు ఉంది కాబట్టి తోటివాళ్లు పెట్టిన పేరు ‘ప్రొఫెసర్’. 1983, 84ల్లో వరసగా టూర్ గెలిచాడు. తర్వాత మడమ నరానికి ఆపరేషన్ జరిగి ఏళ్ల తరబడి వెనకబడ్డాడు. 1989 జూన్‌లో ఇటలీ రేసు ‘జీరో ద ఇటాలియా’ గెలిచి, మళ్లీ పాత ఫిన్యోన్‌గా తిరిగొచ్చాడు. కానీ విలేకర్లంటే మంట. వాళ్లకూ ఇతనంటే మంటే. ఆ ఏటి టూర్‌లో అందరికన్నా పెడసరం మనిషికిచ్చే ‘నిమ్మకాయ’ బహుమతి ఫిన్యోన్‌కే దక్కింది. నవ్వుతూ తిరిగే లెమాండ్‌ను ఫ్రాన్స్ జనం కూడా ఇష్టపడ్డారు. నా ఓటు మాత్రం ఎప్పటికీ ఆ పెడసరం మనిషికే.

ఇక అంకెలు. రేసు దాదాపు రోజుకో అంచెగా సాగుతుంది. అయిదో అంచెలో రెన్ దాకా 73 కిలోమీటర్ల టైమ్ ట్రయల్, అంటే గడియారంతో ఒంటరి పోటీ. లెమాండ్ హ్యాండిల్‌కు ముందుకు పొడుచుకొచ్చిన వింత కడ్డీలు బిగించుకొచ్చాడు. మోచేతులు వాటి మీద ఆనించి వంగితే గాలి దెబ్బ తగ్గుతుంది. గెలిచి పసుపు జెర్సీ తొడిగాడు. ఫిన్యోన్‌తో తేడా 5 సెకన్లు. పదో అంచె, పిరెనీస్ కొండల్లో సూపర్‌బాన్యేర్: జెర్సీ ఫిన్యోన్‌ది, తేడా 7 సెకన్లు. పదిహేనులో మళ్లీ లెమాండ్, 40 సెకన్లు. బ్రియాంసోన్ చేరేసరికి 53. రెండు వారాలు దాటినా ఇద్దరి మధ్య నిమిషం తేడా రాలేదు.

పదిహేడో అంచె ఆల్ప్ డ్యుయెజ్. ఇరవై ఒక్క మలుపుల కొండ. మలుపు మలుపునా హాలండ్ నుంచి వచ్చిన జనం. ఆ రోజు అంచె గెలిచిందీ వాళ్ల మనిషే, గెర్ట్-యాన్ తూనిస. కానీ అసలు పోరు అతని వెనక జరిగింది. ఫిన్యోన్ జట్టు మేనేజర్ సిరిల్ గిమార్ ఒకప్పుడు లెమాండ్‌కూ గురువే. అలసట కమ్మితే శిష్యుడి ఒళ్లు ఎలా కదులుతుందో ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. వెనక కారులోంచి ఆ గుర్తు పట్టాడు. కారు ముందుకు తెచ్చి, ఇప్పుడే కొట్టమన్నాడు. ఫిన్యోన్‌కూ ఊపిరి ఆడని స్థితి. శిఖరం ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా లేచాడు. లెమాండ్ చక్రం అక్కడే ఉండిపోయింది. ఆ నాలుగు కిలోమీటర్లలో 79 సెకన్లు తారుమారయ్యాయి. జెర్సీ ఫిన్యోన్‌ది, ఆధిక్యం 26. మర్నాడు విలార్-ద-లాన్స్‌లో ఒంటరిగా దూసుకుపోయి దాన్ని 50కి పెంచాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నారు అందరూ. ఆ తర్వాత పారిస్ ప్రయాణం. కొండల ప్రాంతం నుంచి రాజధానికి పోటీదారులను రైలెక్కించారు. ఫిన్యోన్‌కు అప్పటికే సీటు రాసుకుని పుండు పడింది. కూర్చోలేడు, రాత్రి నిద్ర లేదు. డోపింగ్ పరీక్షల భయంతో గట్టి మందు వాడే వీల్లేదు. ఆ ప్రయాణంలోనే స్పెయిన్ టీవీ వాళ్లు మొహం మీదికి కెమెరా తెస్తే ఉమ్మేశాడు. పుండు సంగతి మాత్రం బయటికి పొక్కనివ్వలేదు.

జూలై 23, ఆదివారం. ఫ్రెంచ్ విప్లవానికి రెండొందల ఏళ్లు నిండిన నెల. వెర్సాయ్ నుంచి షాంజెలీజె దాకా 24.5 కిలోమీటర్లు. మన లెక్కలో కాజీపేట స్టేషన్ నుంచి వరంగల్ స్టేషన్‌కు పోయి, తిరిగొచ్చి, మళ్లీ సగం దారి పోవాలి. ఆ కాస్త దూరంలో 50 సెకన్లు లాగాలంటే కిలోమీటరుకు రెండేసి సెకన్ల చొప్పున లాగాలి. ఇద్దరూ ఒకే స్థాయి వాళ్లయినప్పుడు అది జరగదని ఫ్రెంచ్ పత్రికలు ఫిన్యోన్ ఫొటోతో ప్రత్యేక సంచికలు కూడా సిద్ధం చేసుకున్నాయి.

ముందు లెమాండ్ బయల్దేరాడు. తలకు వెనక్కి సాగిన హెల్మెట్, హ్యాండిల్‌కు ఆ కడ్డీలు. దారిలో టైమ్ ఎంతో తనకు చెప్పొద్దని జట్టుకు ముందే చెప్పాడు. లెక్క పెట్టకుండా ఉన్నదంతా ఊడ్చి తొక్కాలని అతని ఆలోచన. రెండు నిమిషాలకు ఫిన్యోన్. హెల్మెట్ లేదు, కడ్డీలు లేవు, జుట్టు గాలికి ఎగురుతోంది. సగం దూరం దగ్గర పడేసరికే ఇరవై సెకన్లకు పైగా కరిగిపోయాయి. వెనక కారులో గిమార్ మొహం, రోడ్డు పక్క ట్రాన్సిస్టర్ పట్టుకున్నవాడి మొహం ఒకేలా మారి ఉంటాయి.

లెమాండ్ 26 నిమిషాల 57 సెకన్లలో గీత దాటాడు. సగటు వేగం గంటకు 54.5 కిలోమీటర్లు. మన గూడ్సు బళ్ల సగటు కూడా దానికి సాటి రాదు. టూర్ టైమ్ ట్రయల్స్‌లో అప్పటిదాకా అంత వేగం ఎవరూ చూడలేదు. ఇక చేయగలిగింది ఏమీ లేదు. గీత అవతల నిలబడి గడియారం చూడటమే. ఫిన్యోన్ 27 నిమిషాల 47 సెకన్ల లోపు రావాలి. షాంజెలీజె ఎత్తులో పసుపు చుక్క కనబడింది. గడియారం 47 దాటింది. చుక్క ఇంకా గీత చేరలేదు. 27 నిమిషాల 55 సెకన్లకు చేరింది. సైకిల్ మీంచి ఒరిగి రోడ్డు మీదే కుప్పకూలాడు. ఆ రోజు తొక్కినవాళ్లందరిలో అతనిది మూడో స్థానం, అంటే మంచి పరుగే. అదే అన్యాయం అనిపిస్తుంది నాకు.

3,285 కిలోమీటర్లు, 87 గంటల పైచిలుకు. తేడా 8 సెకన్లు. రేసు సగటు వేగంతో ఎనభై మీటర్ల చిల్లర దూరం. “నాలుగు బోగీలంత గూడ లేదు గదరా!” అన్నాడు కాక. మగవాళ్ల టూర్ చరిత్రలో ఇంత తక్కువ తేడా మరొకటి లేదు. మొదటి రోజే రెండు నిమిషాల నలభై పోగొట్టుకున్న డెల్గాడో, ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి మూడో స్థానంలో ఆగాడు. తేడా 3 నిమిషాల 34 సెకన్లు. ఆ మొదటి సాయంత్రం వేళకు వచ్చి, రాత్రి నిద్రపోయి ఉంటే ఏమయ్యేదన్న వాదన స్పెయిన్‌ వాళ్లది. ఆ జుట్టు కత్తిరించుకుని ఉంటేనన్నది ఫ్రాన్స్‌ వాళ్లది.

ఫిన్యోన్ తన ఆత్మకథను ఈ ఓటమితోనే మొదలుపెట్టాడు: ఎనిమిది సెకన్లతో పోగొట్టుకున్నది మీరే కదా అని ఎవరైనా పలకరిస్తే, కాదు, రెండుసార్లు గెలిచింది నేను అని సరిదిద్దేవాడట. 2010 జూలైలో క్యాన్సర్‌తో గొంతు బొంగురుపోయినా టీవీలో టూర్ వ్యాఖ్యానం చెప్పాడు. ఆగస్టు 31న, యాభై ఏళ్ల వయసులో, కన్నుమూశాడు. మగవాళ్ల టూర్‌లో 1985లో బెర్నార్ ఇనో తర్వాత ఫ్రెంచివాడెవడూ గెలవలేదు. 2025 ఆగస్టులో ఆడవాళ్ల టూర్‌ను మాత్రం పోలిన్ ఫెరాన్-ప్రెవో గెలిచి ఫ్రాన్స్‌కు పసుపు జెర్సీ తెచ్చిపెట్టింది. ఆమె తేడా సెకన్లలో కాదు, నిమిషాల్లో ఉంది.