ఉప్పు పిండిలోనే వేయాలి

ఒకసారి పిండి రుబ్బుకుంటే మనకు మూడు రోజుల నిశ్చింత. మొదటి రోజు ఇడ్లీ, రెండో రోజు దిబ్బరొట్టె, మూడో రోజు కాస్త పులిశాక పునుగులు. రుబ్బేటప్పుడు ఉప్పు మరిచిపోయామనుకోండి. ఇడ్లీల మీద ఇంత చల్లుకుని సరిపెట్టుకుంటే మర్నాడు రొట్టె మళ్లీ చప్పగానే ఉంటుంది. ఉప్పు గిన్నెలో పిండికే కలపాలి. మనింట్లో పదేళ్ల పిల్లకు కూడా తెలిసిన ఈ సంగతి కంప్యూటరు పండితులకు తెలిసొచ్చిన కథ ఈమధ్యే విన్నాను.

చెప్పింది మా అక్క కూతురు. మేముండేది రామచంద్రాపురంలో. బి.హెచ్.ఇ.ఎల్. దాటితే 1972లో వెలసిన ఇక్రిశాట్ పొలాలు, ఆ తర్వాత పటాన్‌చెరు పొగగొట్టాలు, అదే దారిలో సంగారెడ్డి వైపు వెళ్తే కంది దగ్గర ఐ.ఐ.టి. ఆ దారిలోనే ఒక కంపెనీలో ఈ పిల్ల ఉద్యోగం. ఏం పనే అంటే, "మాన్యువల్ రాస్తాను పిన్నీ" అంటుంది. మిక్సీతోపాటు వచ్చే చిన్న పుస్తకం ఉంటుంది చూడండి, మనం అట్టపెట్టెలోనే వదిలేసేది? అటువంటిదే, కాకపోతే ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే సాఫ్ట్‌వేర్‌కి.

"ఎవరు చదువుతారే?" అని నవ్వాను. పిల్ల నవ్వలేదు.

మందుల ఫ్యాక్టరీల్లో రియాక్టర్లని మూతలు బిగించిన పెద్ద గుండిగలుంటాయట. మూత తీసేముందు లోపలి ఒత్తిడి వదలాలి. సాఫ్ట్‌వేర్ మారినప్పుడు అందులో ఒక మెట్టు కొత్తగా చేరింది: ముల్లు సున్నాకి వచ్చేదాకా ఆగి, మీట నొక్కి, అప్పుడు మూత ముట్టుకోవాలి. ఆ మార్పు ఫోన్‌లో చూసుకునే మాన్యువల్లో చేర్చారు. యంత్రం పక్కన వేలాడే అచ్చు పుస్తకంలో చేర్చలేదు. ఒకరోజు నైట్ షిఫ్ట్ ఆపరేటరు దగ్గర్నుంచి ఫోను: "మేడమ్, బుక్కుల ఒక తీరుగ ఉంది, ఫోన్ల ఒక తీరుగ ఉంది. ఏది చెయ్యాలె?"

"అడిగాడు కాబట్టి సరిపోయింది పిన్నీ. అడగనివాడైతే?" అంది.

నా నవ్వు ఆగిపోయింది. అప్పుడు కూచోబెట్టి కథంతా అడిగాను.

1971 నవంబరులో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనే ఇద్దరు తమ యూనిక్స్‌కి మొదటి మాన్యువల్ తెచ్చారు. వాళ్లకు కొత్త యంత్రం కావలసి వచ్చినప్పుడు పైవాళ్లతో ఏమని చెప్పారో తెలుసా? పేటెంటు కాగితాలు టైపు చేసుకోవడానికి పనికొస్తుందని! అలా అక్కడి టైపిస్టులే తొలి వాడకందార్లయ్యారు. తర్వాత అక్కడే జో ఒసానా, అచ్చు అక్షరాలు కూర్చే యంత్రం కోసం ట్రాఫ్ అనే ప్రోగ్రాం రాశాడు. దాని తోబుట్టువు ఎన్‌రాఫ్. రాసింది ఒక్కసారే. ఒకదానికి అప్పగిస్తే అందమైన పుస్తకం, రెండోదానికి అప్పగిస్తే టైపు మిషను కాగితం. ఇడ్లీ, రొట్టె అన్నమాట.

మరి పిండిలో ఉప్పు కలిపాక, మళ్లీ వాయి వేయడం మరిచిపోతే? అదీ జరిగింది. 1976లో అక్కడే స్టీవ్ జాన్సన్ అనే ఆయన తన ప్రోగ్రాంలో తప్పు దిద్దుకున్నాడు. దిద్దినదాన్నుంచి కొత్తగా తయారుచేయడం మరిచి, లేని తప్పు కోసం ఉదయమంతా వెతికాడు. తిట్టుకుంటూ స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ గదికి వెళ్తే, ఆయనా ముందురోజు సాయంత్రం అదే అవస్థ పడ్డాడట! ఆ విసుగులోంచి పుట్టింది 'మేక్'. మూలం ఎప్పుడు మారింది, దాన్నుంచి వండింది ఎప్పటిది అని వేళలు చూసి, పాతబడిన వాటిని మాత్రమే మళ్లీ వండిపెడుతుంది. ఇంట్లో మతిమరుపు లేని అత్తగారిలాగా.

1977లో డొనాల్డ్ నూత్ అనే ప్రొఫెసరు తన పుస్తకం ప్రూఫులు చూసుకుని, అక్షరాల తీరుకు ప్రాణం ఉసూరుమనిపించి, అచ్చుకూర్పు పద్ధతి తనే చేసుకుంటానన్నాడు. కొద్ది నెలల్లో తేలిపోతుందనుకున్న పని పదేళ్లకు సాగింది. దాని పేరు టెక్. 1980లలో రిచర్డ్ స్టాల్‌మన్ దాని మీద ఆధారపడి టెక్సిన్‌ఫో తెచ్చాడు. ఒకే మూలం నుంచి టెక్ ద్వారా పుస్తకం, ఇంకో దారిన తెర మీద చదువుకునే మాన్యువల్. తర్వాత వెబ్ పేజీలూ చేరాయి.

ఇందులో కిటుకేమిటంటే, రాసేటప్పుడు "దీన్ని ఎర్రగా వెయ్యి, లావుగా వెయ్యి" అనరు. "ఇది శీర్షిక, ఇది హెచ్చరిక" అని గుర్తు పెడతారంతే. పుస్తకంలో హెచ్చరిక చుట్టూ గీత పడుతుంది, తెర మీద రంగు వస్తుంది. పుస్తకంలో "47వ పేజీ చూడండి" అన్నది ఫోన్‌లో వేలితో తాకితే చాలు, అక్కడికే తీసుకెళ్తుంది. ఆ రాత్రి ఫోను తర్వాత మా పిల్ల వాళ్లూ అదే చేశారు. ఇప్పుడు మార్పు ఒక్కచోటే చేస్తారు. అన్ని రూపాలూ అక్కణ్ణుంచే తయారవుతాయి. పాత పుస్తకం యంత్రం దగ్గర్నుంచి తీసేసి, తేదీ వేసిన కొత్తది తగిలిస్తారు.

మనవాళ్లూ వెనకబడలేదండోయ్. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకునే తెలుగు కుర్రాళ్లు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేస్తే టెక్ సాయంతో తెలుగు లిపిలో అచ్చయ్యే ఏర్పాటు చేశారు. 1991లో వచ్చిన యూనికోడ్ మన ప్రతి అక్షరానికీ ఒక అంకె ఇచ్చింది. అలా దాచుకున్న తెలుగు ఏ రూపంలోకైనా మారుతుంది.

ఇదంతా విన్నాక నా గుండెలో రాయి పడింది. నా తొలి నవల సీరియల్లో పన్నెండోవారం మామగారు పోతాడు. పుస్తకం ప్రూఫుల్లో జాలేసి బతికించాను. ఫోన్‌లో చదువుకునే ప్రతిలోనేమో పన్నెండులో పోయి, ఇరవైలో పెళ్లిపందిట్లో అక్షింతలు వేస్తాడు! ఒక పాఠకురాలు ఉత్తరం రాస్తే గాని నాకు తెలియలేదు.

"మూలప్రతి ఎక్కడుంది పిన్నీ?" అంది పిల్ల. చేతిరాత కాగితాలు సీరియల్ రోజుల్లోనే పోయాయి. పుస్తకానికి చేసిన ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొక్కాలు. పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు పెట్టుకున్నవట. ఆ ఫాంటు లేకపోతే అందులో తెలుగే లేదు. మార్చే ప్రోగ్రాములున్నాయిగాని, ఒత్తులు ఎగిరిపోయినచోటల్లా మళ్లీ మనిషే కూచుని దిద్దాలి. ఇలా ఎందరి పుస్తకాలు ఏ బీరువాల్లో మూగవై ఉన్నాయో!

అందుకే రోజూ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక నా నవల నేనే యూనికోడ్‌లో టైపు చేసుకుంటున్నాను. నిన్న పన్నెండో అధ్యాయానికొచ్చాను. చాలాసేపు ఆలోచించాను.

మామగారిని ఈసారి ఒక్కచోటే, శుభ్రంగా చంపేశాను. ఇరవైలో అక్షింతలు అత్తగారే వేస్తుంది.