ఆరో నెల అన్నం

బిడ్డకు అయిదో నెల రాగానే విజయవాడ ఇళ్లలో అన్నప్రాశన కోసం పంచాంగం తెరుస్తారు. మగపిల్లాడికి ఆరు, ఎనిమిది నెలలు. ఆడపిల్లకు అయిదు, ఏడు. ముహూర్తం కుదిరితే ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ సన్నిధిలోనో, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడిలోనో, లేదంటే ఇంట్లోనే మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి, బంగారు ఉంగరంతో పరమాన్నం నాకిస్తారు. ఆపైన పుస్తకం, కలం, డబ్బు, కత్తి పరిచి బిడ్డ దేని మీద చెయ్యి వేస్తుందా అని చూస్తారు.

ఈ లెక్క చాలా పాతది. తెలుగు బ్రాహ్మణ కుటుంబాల్లో ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం, ఆరో నెలలో పెరుగు, తేనె, నెయ్యి, అన్నం కలిపి తినిపించమంది. కముజుపిట్ట మాంసం పెట్టాలనేవాళ్లూ ఉన్నారని ఆ వెంటనే చెప్పింది. సుశ్రుతుడిదీ ఆరో నెలే, తేలికైన అన్నం పెట్టమన్నాడు. కాశ్యప సంహిత మాత్రం ఆరో నెలలో పండుతో సరిపెట్టి, అన్నాన్ని పదో నెలకు జరిపింది. పెద్దల్లోనే ఇన్ని మాటలున్నాయంటే, వాళ్లు నక్షత్రాలతోపాటు పిల్లలనూ గమనించారని నా నమ్మకం.

డెల్టాలో పరమాన్నం ఒక్కరోజు ముచ్చట. అసలు తిండి ఉగ్గు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింద వరి మాగాణి విస్తరించింది. కోతకు ముందే ఆ తడి పొలంలో మినుములో పెసలో చల్లడం ఇక్కడి రైతు అలవాటు. బియ్యం, పెసరపప్పు, ఉగ్గుకు కావలసిన రెండూ ఒకే మడిలో పండుతాయి. రెండింటినీ కడిగి, నీడన పంచె మీద ఆరబెట్టి, దోరగా వేయించి, కాస్త జీలకర్ర చేర్చి మెత్తటి రవ్వగా పడతారు. వండేటప్పుడు చెంచా వంచినా జారిపోనంత చిక్కగా ఉడికించి, నెయ్యి వేసి దించుతారు. పల్చటి జావతో బిడ్డ పొట్ట నిండుతుందే గాని బలం రాదు. ఆ చిక్కదనంలోనే ఉంది పెద్దవాళ్ల నేర్పు.

తర్వాత డబ్బాలు వచ్చాయి. 1867లో స్విట్జర్లాండ్‌లో హెన్రీ నెస్లే పాలు, గోధుమపిండితో పిల్లల ఆహారం అమ్మడం మొదలుపెట్టాడు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ వ్యాపారం పెరిగేకొద్దీ పై తిండి మొదలుపెట్టే వయసు తగ్గుతూ వచ్చింది. మన దేశంలో 1992లో వచ్చిన శిశు ఆహార చట్టం కూడా నాలుగు నెలలనే రాసుకుంది. 2001లో ప్రపంచ ఆరోగ్య సభ ఆరు నెలల దాకా తల్లిపాలే చాలని తీర్మానించింది. 2003లో మన చట్టంలోనూ నాలుగు పోయి ఆరు వచ్చింది.

ఆరుకు కారణం ఉంది. పుట్టుకతో బిడ్డ ఒంట్లో దాచుకున్న ఇనుము దాదాపు అప్పటికి అడుగంటుతుంది, తల్లిపాలలో ఉండేది చాలదు. మెడ నిలుస్తుంది, ఆసరా ఇస్తే కూర్చుంటుంది, నోట్లో పెట్టినదాన్ని నాలుకతో బయటికి నెట్టడం మానేస్తుంది. అయితే వైద్యులు చెప్పేది నిండిన ఆరు నెలలు, అంటే 180 రోజులు. పంచాంగంలో నడుస్తున్న నెల లెక్క. ఆడపిల్లకు అయిదో నెలలో వేడుక చేస్తే అది నాలుక తడపడంతో ఆగాలి. మౌఢ్యమో ఆషాఢమో అడ్డొచ్చి ముహూర్తం ఎనిమిదో నెలకు పోతే, తిండి మాత్రం ఆగకూడదు. సూత్రంలోని తేనె ఇప్పుడు వద్దు. అందులో ఉండే బీజాలు పసిపిల్లల పేగుల్లో మొలిచి బొటులిజం తెస్తాయని 1976 నుంచి తెలుస్తూ వచ్చింది. ఏడాది నిండేదాకా తేనె దూరం పెట్టాల్సిందే.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది వేడుక మర్నాడు. ఫొటోలు అందరికీ వెళ్తాయి, బిడ్డ మళ్లీ పాలకే పరిమితమవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశంలో ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో తల్లిపాలతోపాటు మెత్తటి తిండి అందుకుంటున్నవాళ్లు నూటికి 46 మందే. అంగన్‌వాడీల్లో అన్నప్రాశన జరపడం, గోధుమలు, శనగపప్పు, పాలపొడితో చేసిన బాలామృతం ఇవ్వడం ఈ లోటు కోసమే. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు పాలు పోను రోజుకు సుమారు 200 కేలరీలు కావాలి. రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, రోజుకు రెండు మూడుసార్లు, క్రమంగా అరకప్పు దాకా పెంచాలి. అందులో మెదిపిన పప్పు, ఆకుకూర, ఉడికిన గుడ్డు చేరాలి. తల్లిపాలు రెండేళ్లు దాటినా ఇవ్వొచ్చు.