సిరిమాను వెంట మూడు మార్లు

ఆలయ చరిత్ర అనగానే మనము శాసనాల కొరకు, స్తంభాలపై చెక్కిన పేర్ల కొరకు వెదకుతాము. ఏడాదికొకమారు వీధిలోనికి వచ్చి నడిచివెళ్ళే చరిత్ర కూడా ఒకటున్నది. దానిని చూడవలెనంటే విజయదశమి తరువాత వచ్చే మంగళవారం నాడు మీరు విజయనగరంలో ఉండాలి. మధ్యాహ్నానికి ముందే మూడు లాంతర్ల కూడలి చేరుకోండి. ఆ తరువాత కాలు మోపే చోటు దొరకడం కష్టం. ఆనాడు జరిగేదే శ్రీ పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం.

ఆ పట్టణం పేరులోనే విజయమున్నది. పూసపాటి వంశీయుడైన పెద విజయరామరాజు 1713లో అక్కడ కోటకు శంకుస్థాపన చేసినాడు. విజయ నామ సంవత్సరం, విజయదశమి పర్వదినం, జయవారమని పేరుగన్న మంగళవారం, తన పేరులోని విజయం, ఊరికి పెట్టిన పేరులోని విజయం, ఇట్లు అయిదు విజయాలు కలిసివచ్చినాయని ఆ ప్రాంతపు పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. ఇన్ని విజయాలు కూడిన నగరం ఏటా ఊరేగించేది మాత్రం ఏ విజయాన్ని కాదు. యుద్ధం వద్దన్న ఒక ఆడపడుచును.

1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయరామరాజు బలగం ఒక వైపు. రంగారావు, ఆయన వెలమ వీరులు మరొక వైపు. శత్రువు చేజిక్కరాదని కోటలోని స్త్రీలు, బిడ్డలు సైతం తమవారి చేతులలోనే ప్రాణాలు విడిచినారు. కొద్ది దినాలకే తాండ్ర పాపారాయుడు రాత్రివేళ గుడారంలో చొరబడి విజయరామరాజును సంహరించినాడు. అయిదు విజయాల కోట కట్టించిన రాజు అంతిమ గాథ ఇది. ఇంతవరకు చరిత్ర.

ఇక జనశ్రుతి. పైడిమాంబ రాజుగారి చెల్లెలు, దేవీ ఉపాసకురాలు. అన్న యుద్ధానికి వెళ్ళడం ఆమెకు ఇష్టం లేదు. కీడు శంకించి, పతివాడ అప్పలస్వామి నాయుడు మొదలైనవారిని వెంటబెట్టుకొని బయలుదేరింది. దారిలోనే అన్న మరణవార్త విని కుప్పకూలింది. తన ప్రతిమ పెద్దచెరువులో లభిస్తుందని, దానిని నిలిపి పూజించమని చెప్పి దేవిలో ఐక్యమైంది. జాలరులు చెరువులో వెదకి ఆ ప్రతిమను వెలికితీసినారు. ఆమె నేలకొరిగిన తావున వెలసినదే రైల్వే స్టేషను సమీపంలోని వనంగుడి. మూడు లాంతర్ల వద్దనున్నది చదురుగుడి. ఈ కథలో ఏ భాగానికి పత్రసాక్ష్యమున్నదని ఎవరైనా అడుగవచ్చును. ఊరేగింపులో సాగే ఒక్కొక్క అంగాన్ని చూడండి, ఆ ఊరు దేనిని మరువరాదనుకున్నదో తెలుస్తుంది.

ముందుగా సిరిమాను. ఏ ఊరిలో, ఎవరి తోటలో ఆ చింతమాను ఉన్నదో పూజారికి అమ్మవారు కలలో తెలుపుతుందని విశ్వాసం. తరాలుగా నీడనిచ్చిన చెట్టును ఇమ్మంటే ఏ రైతుకైనా మనసు చివుక్కుమనాలి. కానీ అక్కడ పసుపు కుంకుమలతో పూజించి, ఆడబిడ్డను అత్తవారింటికి పంపినట్లు మానును సాగనంపుతారు. ఇరుసుమాను కొరకు మరొక చెట్టు. హుకుంపేటకు చేరిన మానును వడ్రంగులు చెక్కి సుమారు అరువది అడుగుల సిరిమానుగా తీర్చిదిద్దుతారు. దాని కొనకు ఆసనం బిగించి, అందు పూజారిని అమ్మవారి ప్రతిరూపంగా కూర్చుండబెట్టి, బండిపై ఆకాశంలోనికి లేవనెత్తుతారు. సిరిమాను అనే మాట వినగానే ఈ వ్యాసకర్తకు సిడిమాను జ్ఞాపకానికి వస్తుంది. మొక్కు చెల్లించే మనిషిని కొక్కేలతో వ్రేలాడదీసే ఆ పాత ఆచారాన్ని పంతొమ్మిదవ శతాబ్దంలో ప్రభుత్వం నిరుత్సాహపరచింది. ఈ రెండింటికీ సంబంధమున్నదన్నది కేవలం నా ఊహ. సిరిమానుకు మాత్రం కొక్కెం లేదు, గాయం లేదు, ఉన్నది పీఠమే.

మానుకు ముందు నడిచేవారిని గమనించండి. ఈటెలు పట్టిన పాలధార, స్త్రీవేషం ధరించిన పురుషులతో అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల. రాజుల ఏనుగులకు గుర్తుగా చెప్పే ఆ తెల్ల ఏనుగు నిజమైనది కాదు, బండిపై అమర్చిన ఆకారం. 1948 నాటి చట్టంతో జమీందారీలు పోయినాయి. గజశాలలు పోయినా ఊరేగింపులో ఏనుగు చోటు ఖాళీ కాలేదు. వల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ప్రతిమను నీటినుండి తీసినవారి వల అది. అది లేకుండా ఊరేగింపు లేదు. కోట బురుజుపై నుండి పూసపాటివారు చూస్తుండగా, క్రింద వీధిలో నడిచేది బెస్తలు, వడ్రంగులు, రైతులు. ముందునాటి రాత్రి, తొలేళ్ళ ఉత్సవంలో, అమ్మవారి సన్నిధిలో ఉంచిన విత్తనాలను రైతులకు పంచిపెడతారు. వాటిని తమ విత్తనాలలో కలుపుకొని చల్లుకుంటారు.

మీరు అక్కడికి వెళ్ళినప్పుడు చూచేవారిగా మిగలడం సాధ్యం కాదు. సిరిమాను దగ్గరకు రాగానే ప్రక్కనున్నవారు మీ చేతిలో ఒక అరటిపండు పెడతారు. అందరూ విసరుతుంటే మీరూ విసరుతారు. అది పూజారి పాదాల దాకా చేరకపోవచ్చును, ఎవరో అపరిచితుని భుజాన పడవచ్చును. ఆయన వెనుదిరిగి చూచి నవ్వుతాడు.

చదురుగుడి నుండి కోట వరకు, తిరిగి గుడి వరకు మూడు మార్లు సాగి సిరిమాను దిగుతుంది. మరుసటి మంగళవారం పెద్దచెరువులో తెప్పోత్సవం. ఏ నీటినుండి వచ్చినదో ఆ నీటిపైకే ఆనాడు తల్లి మరల వెళ్ళివస్తుంది.