చదువు రాష్ట్రం చేతికి వస్తే మన తెలుగు సంగతి?
చదువు మొదట రాష్ట్ర జాబితాలో ఉండేది. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ దాన్ని ఉమ్మడి జాబితాలోకి మార్చింది. అప్పటి నుంచి కేంద్రం కూడా చట్టాలు చేయవచ్చు. తిరిగి రాష్ట్రానికే ఇవ్వాలని తమిళనాడు అడుగుతోంది.

కోవిల్‌పట్టి, విరుదునగర్‌లలో తరతరాలుగా ఉంటున్న మనం ఒకటి గమనించాలి. బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 చట్టం రాష్ట్రానిదే. అందులో మాతృభాష ఐచ్ఛికం మాత్రమే. అంటే ఉమ్మడి జాబితా మనల్ని కాపాడలేదు.

మనకు అండ వేరే చోట ఉంది. 30వ అధికరణం మైనారిటీలకు సొంత బడులు నడుపుకునే హక్కు ఇస్తుంది. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకు వసతి కల్పించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని 350ఎ చెబుతుంది. జాబితా మారినా ఇవి ఉంటాయి. అయితే తెలుగు కావాలని మనం అడిగితేనే వాటికి విలువ.