ఆధికి సెలవు దొరకదు

ఆధివ్యాధులు అని జంటగా అనేస్తాం. వ్యాధి అందరికీ తెలుసు. ఆధి అంటే ఏమిటని అడిగితే చాలామంది తడుముకుంటారు. ప్రాస కోసం తగిలించిన మాట అనుకునేవారూ ఉన్నారు. మనసుకు కలిగే బాధ ఆధి, ఒంటికి వచ్చేది వ్యాధి. రెండింటికీ మూలం ‘ఉంచు’ అనే అర్థమున్న ‘ధా’ ధాతువే. తెలుగులో వ్యాధి ఒంటరిగా బతికింది కానీ ఆధి మాత్రం జంట వదిలి బయటికి రాలేకపోయింది.

అమరకోశం ఆధికి ఇంకో అర్థం కూడా ఇస్తుంది: తాకట్టు. ధర్మశాస్త్రాల్లో అప్పుల సంగతి వచ్చే చోట ఆధి అంటే కుదువ పెట్టిన సొత్తే. హైదరాబాద్‌లో ఫ్లాటుకు ఈఎంఐ కడుతూ, రాత్రి పదింటికి అమెరికా కాల్‌కు కూర్చునేవారికి ఈ రెండర్థాల చుట్టరికం ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

వాడుకలో ఆధి చోటును మనోవ్యాధి తీసుకుంది. తెలంగాణలో మనాది అంటారు. ‘గంత మనాది పెట్టుకోకు’ అని ఓ పెద్దమనిషి అంటే అందులో వెక్కిరింపు ఉండదు, జాలే ఉంటుంది. అదే మనాదితో సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లొచ్చానని ఆఫీసులో చెబితే ‘ఎర్రగడ్డ’ జోకు పడుతుంది. విశాఖలో అయితే ఆ జోకు పేరు చినవాల్తేరు. మానసిక వైద్యశాల ఉన్న చోటి పేరును తిట్టుగా మార్చుకున్న ఘనత మనది.

అందుకే సెలవు చీటీలో జ్వరం, కడుపునొప్పి. ‘మనసు బాగోలేదు’ అని రాస్తే సినిమాకెళ్లి రమ్మంటారు. ‘స్ట్రెస్’ మాత్రం చెల్లుతుంది, ఎందుకంటే బాగా కష్టపడుతున్నామన్న గొప్ప కూడా అందులో కలిసొస్తుంది. ‘బర్నౌట్’ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పనికి సంబంధించిన స్థితిగా గుర్తించింది, జబ్బుగా కాదు. డిప్రెషన్ మాత్రం జబ్బే. ఆ తేడా చెరిపేసి అన్నిటినీ స్ట్రెస్ ఖాతాలో రాస్తే, మందు కావలసినవాడికి యోగా క్లాసు దొరుకుతుంది.

‘మనోవ్యాధికి మందు లేదు’ అన్న సామెతతోనే నా పేచీ. ఒకప్పుడు నిజమేనేమో. ఇప్పుడు మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మనసు జబ్బులకూ బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. చట్టం ఆధిని మళ్లీ వ్యాధి సరసన కూర్చోబెట్టింది. హెచ్ఆర్ వాళ్లే ఇంకా కుర్చీ వెయ్యలేదు.

సెలవు మంజూరు చేసే మేనేజరు గారూ, జ్వరానికి అడగని ప్రశ్నలు ఆధికీ అడగకండి. విన్నది పక్క క్యాబిన్‌కు చేరవెయ్యకండి. ఆఫీసులో చెప్పుకునే దిక్కు లేనివాళ్లు 14416కు ఫోన్ చెయ్యండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలిమానస్ అది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.